ముందు ముప్పై, వెనక ముప్పైమూడు: టీకా తాత్పర్య సహితం

కాళిదాసు ఏ ఊరివాడో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. కాళిదాసును దేశమంతటికీ విప్పి చెప్పినవాడి ఊరు మాత్రం తేలింది. హైదరాబాదు నుంచి నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్లే దారిలో ఉంటుంది కొల్చారం. కోలాచలం మల్లినాథసూరి ఇంటిపేరు ఆ ఊరి పేరే. రఘువంశానికీ కుమారసంభవానికీ మేఘదూతానికీ సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, శిశుపాలవధకు సర్వంకష, నైషధానికి జీవాతువు ఆయన వ్యాఖ్యలే. మూలంలో లేనిదేదీ రాయననీ, అక్కర్లేనిదేదీ చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకుని మరీ కలం పట్టాడు.

ఆ ఒట్టులో మొదటి సగమే ఈ టీకాకారుడికి చేతనవును. మూలం వదలడు. అక్కర్లేనివి మాత్రం నాలుగైదు చెప్పి తీరతాడు.

మూలం ఏ తాళపత్రంలోనూ లేదు. అదే దారిలో ఏ పంక్చర్ షాపు ముందు నిలబడ్డా వినపడుతుంది. రోడ్డు వారన పాత లారీ టైరు నిలబెట్టి దానిమీద తెల్లరంగుతో షాపు సంగతి రాసి ఉంటుంది. రేకుల పందిరి కింద నల్లబడిన నీళ్ల తొట్టి, ఓ మూల టకటకలాడే కంప్రెసర్, మేకుకు చుట్టచుట్టి తగిలించిన పైపు. కారు ఆగుతుంది. అద్దం నాలుగు వేళ్ల మేర దిగుతుంది. ఏసీ చల్లగాలితో పాటు మూలం బయటికొస్తుంది:

"అన్నా, ముందు ముప్పై, వెనక ముప్పైమూడు, చూసి కొట్టు!"

ఏడు మాటలు. క్రియలు రెండు, అంకెలు రెండు. కర్మ లేదు. ఏది కొట్టాలో చెప్పనే లేదు. అయినా ఏ షాపులోనూ ఎవరూ పొరపాటు పడరు. గాలి కంటికి కనపడనట్టే వాక్యంలోనూ కనపడకుండా నిండి ఉందని పెద్దలు గ్రహించాలి.

ఇక ప్రతిపదార్థం. అన్నా = ఓ అన్నా. సంబోధన ప్రథమా విభక్తి. షాపులో కుర్రాడికి పంతొమ్మిదేళ్లు, కారులో ఉన్నాయనకు యాభై దాటాయి. అయినా కుర్రాడే అన్న. గాలి కొట్టే చేతికి వయసుతో పని లేదు. పాతబస్తీ ప్రతిలో "భాయ్" అనీ, గోదావరి ప్రతిలో "బాబాయ్" అనీ పాఠాంతరాలు. అర్థంలో తేడా రాదు.

ముందు, వెనక = ముందు చక్రాలు రెంటికి, వెనక చక్రాలు రెంటికి. ఇక్కడ శ్లేష ఉంది. తెలుగులో "ముందు" చోటునూ చెబుతుంది, కాలాన్నీ చెబుతుంది. మొదట ముప్పై కొట్టి ఆ తర్వాత ముప్పైమూడు చెయ్యమనే అర్థం కూడా లాగొచ్చు. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు ఎవడైనా అలా లాగితే తప్పు వాడిది కాదు, భాషది.

ముప్పై అంటే ముప్పై ఏమిటి? ఇక్కడ "పాయింట్లు" అన్న మాటను అధ్యాహారం చేసుకోవాలి. పంక్చర్ షాపు పరిభాషలో పాయింటంటే చదరపు అంగుళం మీద ఒక పౌను బరువు. చదరపు అంగుళమంటే క్యారమ్ కాయ కంటే కాస్త చిన్న చోటు. అంత చోట ముప్పై పౌన్లంటే 13.6 కిలోలు, పాతిక కిలోల బియ్యం సంచిలో సగానికి పైన. వెయ్యి కిలోల కారు నాలుగు చక్రాల మీద సమంగా నిలబడిందనుకుంటే ఒక్కో చక్రం నేలను తాకే మేర పద్ధెనిమిది చదరపు అంగుళాలకు అటూ ఇటూ. అంటే ఒక అరచెయ్యి. భార్యాపిల్లలు, అత్తగారు, ఆవకాయ జాడీతో సహా సంసారమంతా గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో నాలుగు అరచేతుల మీద పోతోందన్నమాట. టైరు గాలి గురించి ఇంత టీక దేనికని అడగబోయేవాళ్లు ఈ లెక్క దగ్గర ఆగుతారని ఆశ.

సున్నా సంగతి కూడా ఇక్కడే. గేజి సున్నా చూపిస్తే టైరులో గాలి లేదని కాదు, బయట ఎంత ఒత్తిడి ఉందో లోపలా అంతే ఉందని. సముద్రమట్టం దగ్గర అది 14.7 పాయింట్లు. మేకు దిగి నేలకు కరుచుకున్న టైరులోనూ ఆ 14.7 భద్రంగా ఉంటుంది. వేదాంతంలో దీనికి ఎంత విలువైనా ఉండనీ, వ్యవహారంలో డిక్కీ తెరిచి స్టెప్నీ దించక తప్పదు. (స్టెప్నీ అన్నది వేల్స్‌లోని లానెల్లీ పట్టణంలో ఒక వీధి పేరు. 1904 ప్రాంతంలో డేవిస్ సోదరులు అక్కడ తయారుచేసిన అదనపు చక్రానికి ఆ పేరొచ్చింది. బ్రిటన్‌లో ఆ మాట దాదాపు పోయింది. మన లారీ క్లీనర్ల నోట బతికింది. మల్లినాథుడు ఈ వాక్యం కొట్టేసేవాడు.)

అంకె దగ్గర పాఠాంతరాలు ఎక్కువ. పెట్రోలు బంకులో గాలి దగ్గర నిలబడే మనిషి ప్రతిలో "అందరికీ ముప్పైఅయిదు" అని ఉంటుంది. మారుతీ వచ్చినా ఇన్నోవా వచ్చినా అదే పాఠం. కొందరు టైరు పక్కగోడ మీద అచ్చొత్తిన 44నో 51నో మూలమనుకుంటారు. అది ఆ టైరు గరిష్ఠంగా తట్టుకునే ఒత్తిడి, ఆ కారుకు పెట్టాల్సిన ఒత్తిడి కాదు. పెళ్లి మంటపం తలుపు మీద "వెయ్యి మంది పడతారు" అని రాసి ఉందని వెయ్యి శుభలేఖలు అచ్చేయించం కదా. అసలు పాఠం ఏ ప్రతిలో ఉందో చివర్లో.

ఇప్పుడు ఈ వాక్యానికి ఆయువుపట్టయిన మాట: చూసి.

వ్యాకరణం ముందు. "చూసి" క్త్వార్థకం. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం అచ్చయింది 1858లో. అప్పటికి టైరులో గాలి నింపొచ్చని స్కాట్లండ్‌వాడు రాబర్ట్ థామ్సన్ పేటెంటు పుచ్చుకుని పదేళ్లు దాటినా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బెల్ఫాస్ట్‌లో డన్లప్ మళ్లీ కనిపెట్టింది 1888లో. కాబట్టి సూరిగారికి ఈ ఉదాహరణ అందుబాటులో లేదు. ఉండి ఉంటే వాడుకునేవారే, ఎందుకంటే క్త్వార్థకం ముందు జరిగే పనిని చెబుతుంది. చూసి కొట్టు అంటే మొదట చూడాలి, తర్వాత కొట్టాలి. రెండు పనులకూ కర్త ఒక్కడే కావాలి. షాపులో జరిగేది ఇందుకు విరుద్ధం. కొడతాడు, తర్వాత చూస్తాడు. కొన్నిచోట్ల కొట్టేవాడు ఒకడు, చూసేవాడు కారాయన. ఇంకొన్నిచోట్ల ఎవరూ చూడరు. వ్యాకరణ దోషం వల్ల టైర్లు అరుగుతున్నాయంటే అతిశయోక్తి కాదు.

దేనితో చూడాలి? న్యాయశాస్త్రం ప్రమాణాలు నాలుగు చెప్పింది. బొటనవేలితో టైరు నొక్కి చూడటం ప్రత్యక్షం. టైరు అడుగున పొట్ట వచ్చిందంటే గాలి తగ్గిందనుకోవడం అనుమానం. పక్క చక్రంతో పోల్చుకోవడం ఉపమానం. నాలుగోది శబ్దం. విజయవాడ ఆటోనగర్‌లో తెల్లవారుజామున ఏ లారీ దగ్గర నిలబడినా వినొచ్చు. క్లీనరు ఇనప రాడ్డు పట్టుకుని వెనక జంట టైర్లను ఒక్కొక్కటీ కొట్టుకుంటూ పోతాడు. నిండుగా ఉన్నది ఠంగుమని రాడ్డును వెనక్కి తంతుంది. దిగినది దబ్బుమంటుంది. లోపలి టైరు కంటికి కనపడదు, చేతికి అందదు. నూరు పాయింట్లు దాటే ఆ టైర్లకు వేలితో నొక్కడం వేళాకోళం. శబ్ద ప్రమాణానికి ఇంతకంటే నిక్కమైన ఉదాహరణ తర్కశాస్త్రంలో దొరకదు.

అయితే ఈ నాలుగు ప్రమాణాలూ గాలి బాగా దిగిన టైరునే పట్టిస్తాయి. ఇప్పటి రేడియల్ టైరుకు గాలి సరిగ్గా ఉన్నా పక్కన కాస్త పొట్ట ఉంటుంది. ముప్పైమూడున్న టైరునూ ఇరవై ఆరున్న టైరునూ పక్కపక్కన పెట్టి ఏది ఏదని అడిగితే ముప్పయ్యేళ్ల అనుభవమున్న మెకానిక్కూ తడబడతాడు. కాలితో తన్ని చూసేవాళ్ల గురించి చెప్పేదేముంది. వాళ్లు తన్నేది గాలి కోసం కాదు, పక్కనున్నవాళ్ల కోసం.

అందుకే గేజి. ఇక్కడి నుంచి వ్యాఖ్యాతలు రెండు పక్షాలు. గాలి మూలమైతే గేజి దానికి వ్యాఖ్యానం. మూలం ఒక్కటే, వ్యాఖ్యలు రెండు: ముల్లు గేజి, అంకెల గేజి.

వాటి దగ్గరికి పోయే ముందు పలకరించాల్సిన ముసలి వ్యాఖ్యాత ఒకడున్నాడు. పెన్నులా చొక్కా జేబుకు తగిలించుకునే గేజి. వాల్వు మీద పెట్టి నొక్కితే బుస్సుమని తెల్లటి కడ్డీ ఒకటి గీతలతో బయటికి తన్నుకొస్తుంది. లోపల ఉన్నదల్లా ఒక ముషలకం, ఒక స్ప్రింగు. స్ప్రింగు సాగుదలకూ బలానికీ ఉన్న సంబంధం కనిపెట్టిన రాబర్ట్ హుక్ ఆ సంగతి ఎవరూ కాజేయకుండా 1676లో లాటిన్ వాక్యంలోని అక్షరాలన్నీ విడదీసి అకారాది క్రమంలో పేర్చి అచ్చేశాడు. 1678లో గాని విప్పి చెప్పలేదు. మన చిత్రకవులు నాగబంధాలూ పద్మబంధాలూ వేసింది మెప్పు కోసం, ఆయన వేసింది పేటెంటు కోసం. వాల్వు సంగతికొస్తే న్యూయార్కులో స్థిరపడ్డ జర్మను ఆగస్ట్ ష్రేడర్ పేరు మీద చలామణీ అవుతోంది. పేటెంటు 1893 నాటిది. కార్లకూ బైకులకూ అదే వాల్వు. మన మామూలు సైకిలుకు ఉండేది వేరే జాతి, అందుకే ఏ గేజీ దానికి పట్టదు. సైకిలుకు ఇప్పటికీ బొటనవేలే ప్రమాణం.

ముల్లు గేజి లోపల ఏముందో చాలామంది చూసి ఉండరు. పాడైనదాన్ని ఒకదాన్ని స్క్రూడ్రైవరుతో విప్పితే ఇత్తడి గొట్టం ఒకటి కొడవలిలా వంగి కనపడుతుంది. గుండ్రటి గొట్టం కాదు, నొక్కినట్టు చదునుగా ఉంటుంది. ఒక కొస మూసేసి ఉంటుంది. గాలి లోపలికి తోసుకొస్తే ఆ వంపు కొద్దిగా విచ్చుకుంటుంది. జాతరలో పిల్లలు ఊదే కాగితం బూర గుర్తుందా, ఊదితే చుట్ట విడి నాలుకలా బయటికొచ్చేది? అదే సూత్రం, ఇత్తడిలో. కొస కదిలేది వెంట్రుకవాసి. దాన్ని చిన్న పళ్ల చక్రం పట్టుకుని ముల్లును అరచక్రం తిప్పుతుంది. ఇది 1849లో పారిస్‌లో యూజీన్ బోర్డాన్ పేటెంటు చేసింది. ఆవిరి బాయిలర్లు పేలి మనుషులు చచ్చిపోతున్న రోజుల్లో అది ప్రాణదానం. ఆస్పత్రిలో ఆక్సిజన్ సిలిండరు మీద కనపడే ముల్లు వెనక ఇప్పటికీ ఆ కొడవలే ఉంటుంది.

అంకెల గేజి లోపల కదిలేదేమీ కనపడదు. సిలికాన్ పొర మీద గాలి ఆనుతుంది, పొర వంగుతుంది, వంగినచోట దాని విద్యుత్ నిరోధం మారుతుంది. సిలికాన్‌కూ జెర్మేనియంకూ ఈ గుణం ఉందని 1954లో చార్లెస్ స్మిత్ బెల్ లేబొరేటరీలో పనిచేస్తూ ప్రకటించాడు. ఆ మార్పును కొలిచేది వీట్‌స్టన్ బ్రిడ్జి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో జాకీని తీగ మీద జరుపుతూ చెమటలు పట్టినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. ఆ బ్రిడ్జే గోరంత చిప్పులో ఇమిడి, బొత్తాం బిళ్లలాంటి బ్యాటరీతో నడిచి, తెర మీద 32.5 అని రాస్తుంది.

ఆనందవర్ధనుడు కావ్యాత్మ ధ్వని అన్నాడు. ముల్లు గేజిది ధ్వని మార్గం. ముప్పైరెండుకూ ముప్పైమూడుకూ నడుమ ఎక్కడో నిలబడి "నువ్వే ఊహించుకో" అంటుంది. సహృదయుడు కావాలి. మెడ వంచి ఎదురుగా చూస్తే ఒక అర్థం, పక్కనుంచి చూస్తే ఇంకో అర్థం. అంకెల గేజిది వాచ్యార్థం. 32.5. అంతే. రెండో అర్థానికి తావు లేదు.

చిక్కంతా ఆ చుక్క దగ్గరే. 32.5 అని చూడగానే మనసు కుదుటపడుతుంది, ముల్లును చూస్తే పడదు. దశాంశ బిందువుకు ఉన్న మర్యాద అలాంటిది. కిలో టమాటాలు నలభై అంటే బేరమాడేవాళ్లు 39.75 అంటే డబ్బులు తీసి ఇస్తారు. సన్నగా చెప్పడం వేరు, సరిగ్గా చెప్పడం వేరు. 150 పాయింట్ల దాకా కొలిచే అంకెల గేజి పెట్టె మీద "ఒక శాతం కచ్చితత్వం" అని ఉంటే ఆ ఒక శాతం చాలాసార్లు 150లో ఒక శాతం, అంటే ఒకటిన్నర. తెర మీద 32.5 ఉంటే నిజం 31కీ 34కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. చుక్క తర్వాతి అయిదు అలంకారం మాత్రమే. ఏ అలంకారమంటే ఉత్ప్రేక్ష.

ముల్లు పక్షంవాళ్లు ఇది చదివి చంకలు గుద్దుకోనక్కర్లేదు. వాళ్ల సంగతీ చూద్దాం. ముల్లు గేజీలకు అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం రాసిన ప్రమాణం ఉంది, ఏఎస్‌ఎంఈ బి40.100. అందులో మామూలు రకమైన గ్రేడ్ బి గేజి, స్కేలు నడిమి సగంలో పూర్తి స్కేలులో రెండు శాతం, రెండు కొసల్లో మూడు శాతం దాకా తప్పొచ్చు. ఇది వినడానికి విసుగ్గా ఉంటుంది గాని కొనేటప్పుడు పనికొచ్చేది ఇదొక్కటే. కారుకు కావాల్సింది 33. స్కేలు 60 దాకా ఉన్న గేజి కొంటే 33 నడిమి సగంలో పడుతుంది, తప్పు 1.2. స్కేలు 100 దాకా ఉంటే తప్పు 2. "ఎందుకైనా మంచిది, లారీకి కూడా పనికొస్తుంది" అని 200 దాకా ఉన్నది కొంటే 33 కొసన పడుతుంది, తప్పు 6. ముల్లు 33 చూపిస్తే నిజం 27 కావొచ్చు, 39 కావొచ్చు. ఎక్కువ అంకెలున్న గేజి ఎక్కువ గేజి అనుకోవడం ఫ్యానుకు ఎక్కువ రెక్కలుంటే ఎక్కువ గాలి అనుకోవడం లాంటిది.

ఆక్షేపం: ఒకటి రెండు పాయింట్ల తేడాకు ఇంత రాద్ధాంతమా? సమాధానం: రాద్ధాంతం అక్కర్లేదు, ఎండ ఉంది. మూసిన టైరులో గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. ముప్పైమూడున్న టైరుకు పది డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పాయింట్ల లెక్క. జనవరిలో సున్నా డిగ్రీలు పలికే లంబసింగిలో ముప్పైమూడు పట్టించి, అదే గాలితో మే నెలలో నలభైఅయిదు డిగ్రీల రెంటచింతలలో నిలబెడితే, కొండ ఎత్తు పల్లాల తేడా పక్కన పెట్టి చూసినా ఏడు పాయింట్లు పైన పెరుగుతుంది. అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాదులో మే నెల తెల్లవారుజామున ఇరవైఎనిమిది, మధ్యాహ్నం నలభైరెండు. రెండు పాయింట్లకు పైన అక్కడే లేచాయి. కారు అరగంట నడిస్తే టైరు రాపిడికీ వంపుకీ ఇంకొన్ని. అందుకే కారు స్టిక్కరు మీద అంకె "చల్లటి టైరు"కు రాసింది. బండి మూడు గంటలైనా నిలిపి ఉండాలి, లేదా రెండు కిలోమీటర్లు కూడా తిరిగి ఉండకూడదు. మూలంలో ఉన్న కారాయన కొల్చారం దాకా ఎండలో తోలుకొచ్చి "చూసి కొట్టు" అన్నాడు. ఆ క్షణాన ఏ గేజి పెట్టినా వేడిగాలి అంకే చూపిస్తుంది. అంకెల గేజి దాన్ని చుక్కతో సహా చూపిస్తుంది, అంతే తేడా. ఇంకా కొందరు ఆ పెరిగిన అంకె చూసి గాలి తీయిస్తారు. పొద్దున్నకు టైరు చల్లబడి ఇరవైతొమ్మిది దగ్గర కూర్చుంటుంది.

ఇంకో ఆక్షేపం జనంలో బలంగా ఉంది. ఎండాకాలం గాలి తక్కువ పట్టించాలి, లేకపోతే టైరు పేలుతుందని. ఇది పూర్వపక్షమే గాని సిద్ధాంతం కాదు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువ నలుగుతుంది, నలిగిన రబ్బరు వేడెక్కుతుంది, హైవే మీద పేలేది ఎక్కువగా ఆ వేడికే. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండికి ఫోర్డ్ సిఫారసు 26, ఫైర్‌స్టోన్ చివరికి అడిగింది 30. తప్పు టైరుదా, బండిదా, ఆ నాలుగు పాయింట్లదా అని రెండు పెద్ద కంపెనీలు బహిరంగంగా కొట్టుకున్నాయి. ఆ ఏడాది నవంబరులోనే అక్కడ కొత్త చట్టం వచ్చింది. దాని ఫలంగా 2007 సెప్టెంబరు నుంచి తయారయ్యే ప్రతి కారులో టైరు గాలి కనిపెట్టే సెన్సరు తప్పనిసరి.

ఆ సెన్సర్లు మన కొత్త కార్లలోకీ వచ్చాయి. 2020లో కేంద్రం నిబంధన సవరించి, సెన్సరూ పంక్చర్ కిట్టూ ఉన్న చిన్న బండికి స్టెప్నీ అక్కర్లేదని కూడా అంది. మరి వేరే గేజి దేనికి? అమెరికా నిబంధన ప్రకారం దీపం వెలగాల్సింది గాలి నాలుగో వంతు తగ్గాక. 33 కాస్తా 25కు పడిపోయేదాకా డ్యాష్‌బోర్డు నోరు మెదపనక్కర్లేదు. అది కాపలాదారు, వ్యాఖ్యాత కాదు.

బంకుల్లో ఇప్పుడు అంకెలు నొక్కి పెట్టే గాలి యంత్రాలున్నాయి. కావాల్సిన అంకె పెడితే కొట్టి, కూయగానే ఆగుతుంది. గాలికి డబ్బులు తీసుకోరు. యంత్రం మంచిదే. పొద్దున ఎవరో పెట్టిన ముప్పైఅయిదును సాయంత్రం దాకా ఎవరూ మార్చకపోవడమే ఇబ్బంది. మీటరు గొట్టం రోజూ వంద బండ్ల చక్రాల పక్కన నేల మీద పడుతూ లేస్తూ ఉంటుంది. పక్కనే నైట్రోజన్ బోర్డు పెట్టి డబ్బులడిగే చోట్లూ ఉన్నాయి. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే, అది ఉచితంగానే వస్తోంది.

ఇళ్లలో అంకెల గేజితో వచ్చే ఇబ్బందులు వేరు. దానికి ఒక మీట ఉంటుంది, కొలమానం మార్చడానికి. పొరపాటున నొక్కుకుంటే పాయింట్లు కాస్తా బార్‌లోకో కిలోపాస్కల్‌లోకో మారతాయి. ముప్పైమూడు బార్‌లో 2.28, కిలోపాస్కల్‌లో 228. అపార్టుమెంటు సెల్లారులో ఓ పెద్దాయన తెర మీద 2.2 చూసి నాలుగు టైర్లూ ఒకేసారి పంక్చరయ్యాయని వాచ్‌మన్ మీద కేకలేసిన ఉదంతం టీకాకారుడు ఎరుగును. ఆయన మనవడొచ్చి మీట నొక్కాడు. గాలి క్షణంలో నిండింది. కొన్ని గేజీలు ఆన్ చేసిన క్షణాన ఉన్న ఒత్తిడినే సున్నాగా తీసుకుంటాయి. వాల్వుకు పెట్టాక కాదు, పెట్టక ముందే ఆన్ చేయాలి. ఎండలో నిలిపిన కారు లోపల అరవై డిగ్రీలు దాటుతుంది, డ్యాష్‌బోర్డు అరలో వదిలేసిన గేజి తెర నల్లబడుతుంది, బ్యాటరీ ఉసూరుమంటుంది. ఆర్నెల్ల తర్వాత కావలసొచ్చి తీస్తే పలకదు.

ముల్లు గేజికి బ్యాటరీ లేదు. కింద పడితే మాత్రం కొడవలి కదులుతుంది. అయితే ఒక సుగుణం: పాడైతే ముఖాన కనపడుతుంది. ఏ వాల్వుకూ పెట్టకుండా చేతిలో ఉన్నప్పుడు ముల్లు సున్నా మీదికి రాకుండా రెండు దగ్గర ఆగిపోయిందంటే జబ్బు చేసిందని ఎవరికైనా తెలుస్తుంది. అంకెల గేజి దారి తప్పినా అదే నిబ్బరంతో 32.5 అంటుంది. తప్పు చెబుతున్నప్పుడు తడబడే వ్యాఖ్యాతను నమ్మొచ్చు. గొంతు ఒక్కలాగే ఉండేవాడితోనే కష్టం.

కొట్టు = నింపు. ఈ ధాతువుకు తెలుగులో ఉన్నన్ని అర్థాలు మరోదానికి లేవు. కొబ్బరికాయ కొట్టొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు, డబ్బా కొట్టొచ్చు, ఫోన్ కొట్టొచ్చు. షాపునూ కొట్టంటాం. గాలి కొట్టే కొట్టులో గాలి కొట్టు అంటే యమకమో లాటానుప్రాసమో పండితులు తేల్చుకోగలరు.

తాత్పర్యం. ఇంటికి ఒకటే గేజి కొనేవాళ్లు ముల్లు గేజి కొనాలన్నది టీకాకారుడి తీర్పు. స్కేలు 60 దాకా చాలు. వాల్వు నుంచి తీశాక కూడా ముల్లు అక్కడే ఆగేదీ, ఎక్కువైన గాలి వదలడానికి బొత్తాం ఉన్నదీ అయితే మంచిది. చత్వారం వచ్చినవాళ్లు, చీకటి సెల్లారులో చూసుకునేవాళ్లు తెర వెలిగే అంకెల గేజి కొనుక్కోవచ్చు, అందులో అవమానమేమీ లేదు. అది ఇంట్లో ఉంచాలి, కారులో కాదు. ఏదైనా ఎప్పుడూ అదే గేజి వాడాలి. నెలకోసారి, పొద్దున్నే, బండి కదలక ముందు. షాపులో కొట్టించుకున్నా మర్నాడు పొద్దున తన గేజితో చూసుకోవాలి. షాపువాడి ముల్లుకీ తన ముల్లుకీ ఎప్పుడూ రెండు పాయింట్ల తేడా వస్తుంటే ఆ రెండూ మనసులో కలుపుకుంటే సరి, పోట్లాట అక్కర్లేదు.

ఇక పాఠాంతరాల సంగతి బాకీ ఉంది. ముందు ముప్పై, వెనక ముప్పైమూడు అన్న పాఠం ఆ కారాయనకు ఎక్కడిదంటే, బావమరిది చెప్పాడట. బావమరిదిది వేరే కారు. మల్లినాథుడైతే ఒప్పుకునేవాడు కాదు. పాఠకులు రేపు పొద్దున డ్రైవరు పక్క తలుపు తెరిచి, సీటు బెల్టు దిగే స్తంభం కింద అతికించిన స్టిక్కరు ఒకసారి చదువుకోగలరు. ఇద్దరెక్కితే ఎంత, అయిదుగురెక్కి సామాను వేస్తే ఎంత, ముందెంత, వెనకెంత, అన్నీ దానిమీద ఉంటాయి. మూలం అది.